లేసుపై లేని పేరు

మా పాలకొల్లు, నరసాపురము ప్రాంతములందు లేసు అల్లిన స్త్రీలు దానిపై తమ పేరు వేసికొను వాడుక లేదు. మా యత్తగారి నుండి సంక్రమించిన బల్లగుడ్డ యెవరి చేతిదో తెలిసికొనగోరి, మేము దానిని తిరుగవేసి పరికించితిమి. పువ్వుల యల్లిక బిగువు. వానిని కలిపిన యతుకుపని వదులు. అంచు మరియొక తీరు. పొరుగింటి మామ్మగారు పువ్వులను తడవి చూచి, వాని నల్లిన యామె పేరు చెప్పిరి. "అతుకు, అంచు వేఱు చేతులవమ్మా! ఒక్కొక్క పని యొక్కొక్క యింట జరిగెడిది" అనిరి. ఒక్క పేరు వెదకిన మాకు మూడు చేతులు కానవచ్చినవి. రెండింటికి పేరు దొరకలేదు.

పందొమ్మిదవ శతాబ్దమున క్రైస్తవ మిషనరీల మూలమున వచ్చిన యీ పని విదేశములకు ఎగుమతి యగుచున్నను, అల్లు స్త్రీలను పనివారలుగ నెంచక, తీరికవేళ ప్రొద్దుపుచ్చు గృహిణులనియే లోకము తలచుచున్నదని మరియా మీస్ అను జర్మను విదుషి 1982లో ప్రకటించిన గ్రంథమున వ్రాసిరి. 2024లో నరసాపురము లేసునకు భౌగోళిక సూచిక గుర్తింపు లభించి, ఊరి పేరు నిలిచినది. చేతుల పేర్లు నిలుపుట మన వంతు. సోదరీమణులారా! మీ యింట నిట్టి గుడ్డ యున్నచో, పెద్దలుండగనే యడిగి, పేర్లు చీటిపై వ్రాసి మడతలో నుంచుడు.