ఒక్క పిల్లగానికి సీసా ఇప్పాల్నా?

కమ్మర్‌పల్లి చుట్టుపక్కల ఫిబ్రవరి, మార్చి నెలల్లో కల్లాల నుంచి ఉడికిన పసుపు వాసన వస్తుంటుంది. ఆ రెండు నెలలూ టీకాల రోజున తల్లులు కనబడరు. నేను చెప్పబోయేది పదేళ్ల పైమాట. అప్పుడు అక్కడికి దగ్గర్లో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరుగా పనిచేస్తుండేవాణ్ని. ఆ బుధవారం ఒకే ఒక్క తల్లి వచ్చింది. గోళ్ల సందుల్లో పసుపు, చంకలో తొమ్మిది నెలలు నిండిన కొడుకు.

"సార్, ఒక్క పిల్లగానికి తట్టు సీసా ఇప్పాల్నా?" అంది సిస్టర్.

తట్టు టీకా పొడిగా వస్తుంది. నీళ్లు కలిపాక దాని ఆయుష్షు నాలుగు గంటలే. అందుకే కలిపిన టైము సీసా మీద రాస్తారు. పెంటావాలెంట్ టీకా సీసా తెరిచినా నిబంధనల ప్రకారం నాలుగు వారాలు వాడుకోవచ్చు, దీనికి ఆ వెసులుబాటు లేదు. అప్పటి సీసాలో ఐదు డోసులు. ఒకటి వేస్తే నాలుగు పారబోయాలి. నెలాఖరు రివ్యూలో వేస్టేజీ ఎంతని అడుగుతారు.

"శనివారం ఇంకో నలుగురు వస్తారులే, అప్పుడు తీసుకురామ్మా" అన్నాను. సర్కారు సొమ్ము పొదుపు చేశాననే అనుకున్నాను.

శనివారం ఆమె రాలేదు. పసుపు ఉడికించే కడాయి వాళ్ల కల్లానికి వచ్చిన రోజది. ఆ తర్వాత ఎండబోయడం, కాపలా.

నెలన్నరకు వచ్చింది. పిల్లాడి ఒళ్లంతా దద్దుర్లు. అమ్మవారు పోసిందని నాయనమ్మ వేపాకు పరిచి నాలుగు రోజులు ఆపింది. నా ముందుకు వచ్చేసరికి ముక్కుపుటాలు ఎగురుతున్నాయి, ఊపిరి పీల్చినప్పుడల్లా డొక్కలు లోపలికి పోతున్నాయి. విటమిన్ ఎ లక్ష యూనిట్లు నోట్లో పోసి, ఆక్సిజన్ పెట్టి నిజామాబాద్ పంపించాను.

బతికాడు. కానీ తట్టు, ఒంటికి అంతకుముందు అబ్బిన రోగనిరోధక శక్తిని కూడా దెబ్బతీసి పోతుంది. ఆ ఏడాదంతా విరేచనాలనీ దగ్గనీ వస్తూనే ఉన్నారు. మస్కట్‌లో ఉన్న తండ్రి అప్పు చేసి డబ్బు పంపాడు. ఇంట్లోవాళ్లు ధర కోసం ఆగకుండా, సరిగా ఆరని పసుపు కొమ్ములనే తెగనమ్మారు.

ఆ బుధవారం నా రిజిస్టరులో తట్టు టీకా వేస్టేజీ సున్నా. ఆ కొమ్ములు రాసుకోవడానికి అందులో గడి లేదు.

94 పేద, మధ్యాదాయ దేశాల లెక్కలు తీసి 2016లో ఆర్థికవేత్తలు చెప్పిందేమిటంటే, పిల్లల టీకాల మీద పెట్టే ఒక్కో డాలరుకు, జబ్బు ఖర్చులు తప్పడం వల్లనే 16 డాలర్లు తిరిగొస్తాయి. ఖర్చు కింద టీకా ధరనే కాదు, ఊరిదాకా చేర్చి వేసే ఖర్చునూ కలిపారు. 1974 నుంచి యాభై ఏళ్లలో టీకాలు 15.4 కోట్ల ప్రాణాలు కాపాడాయని 2024లో లాన్సెట్‌లో లెక్క వచ్చింది. అందులో సుమారు 60 శాతం ఒక్క తట్టు టీకా పుణ్యమే. ఇంత లాభమిచ్చే దాంట్లో నేను నాలుగు డోసులు మిగిల్చాను! అసలు ఒక్క బిడ్డ వచ్చినా సీసా తెరవమనే మార్గదర్శకాలు చెబుతాయి. రివ్యూ భయం నాచేత వాటిని మరిపించింది.

ఆ తర్వాత సిస్టర్ మళ్లీ నన్ను అడగాల్సిన పని పడలేదు.

పసుపు పనుల్లో పడి తొమ్మిదో నెల దాటిపోయిందని ఆగిపోకండమ్మా. తట్టు, రుబెల్లా టీకా ఐదేళ్లలోపు ఎప్పుడొచ్చినా వేస్తారు. మీరొక్కరే వచ్చారని వెనక్కి పంపబోతే, సీసా తెరవమని అడగండి.