కొబ్బరికాయలో ఎవరి ముఖం?

అంబాజీపేట మార్కెట్‌కి వెళ్లి 'కొబ్బరికాయ ఎంత?' అని అడిగి చూడండి. 'ఏ కాయండీ?' అని ఎదురు ప్రశ్న వేస్తారు. తాగడానికైతే బొండాం. పచ్చడికీ, గుడికీ అయితే పచ్చికాయ. నెలల తరబడి నిల్వ ఉంచాక నీరింకి, లోపల గుండు కదిలితే కురిడీ. పేరు మారితే ధరా మారిపోతుంది.

ఇదే కాయకి ఐరోపావాళ్లు చాలాకాలం అరువు పేర్లతోనే సరిపెట్టుకున్నారు. ఆరో శతాబ్దపు గ్రీకు వర్తకుడు కాస్మాస్ రాసిన 'అర్గెల్లియా' మన నారికేళమే, పారశీకుల నోట నలిగి అక్కడికి చేరింది. మార్కోపోలో అయితే 'ఇండియా కాయ' అని ఊరుకున్నాడు.

1498లో వాస్కోడగామా కేరళ తీరం చేరాక కథ మారింది. చిప్ప మీది మూడు కళ్లలో పోర్చుగీసు నావికులకి పళ్లికిలించే ముఖం కనిపించింది. పిల్లల్ని భయపెట్టే బూచిని వాళ్లు 'కోకో' అంటారు. కాయకీ అదే పేరు పెట్టేశారు. 1563లో గోవాలో అచ్చయిన తన పుస్తకంలో వైద్యుడు గార్సియా ద ఓర్తా, అది కోతి ముఖాన్ని పోలి ఉందన్నాడు. అవే మూడు కళ్లు చూసి మనవాళ్లు ముక్కంటి అని దండం పెట్టారు!

స్పెయిన్‌లో 'కోకో' అంటే కాయ, బూచి, వాడుకలో తలకాయ కూడా. ఫ్రెంచి పసిపిల్లల భాషలో మాత్రం కోడిగుడ్డు. దానికి బూచితో చుట్టరికం లేదు, కోడి కూతలోంచి పుట్టింది. 1954 దాకా ఆ ఫ్రెంచివాళ్లే కోనసీమ పొరుగున యానాంని ఏలారు.

ఎండుకొబ్బరికి ఇంగ్లీషువాళ్లు వాడే 'కోప్రా' మలయాళం 'కొప్పర' నుంచి, పోర్చుగీసు మీదుగా వెళ్లింది. మన కొబ్బరికి దగ్గరి చుట్టమే. కాకపోతే అక్కడ దానర్థం నూనె తీసే ఎండుముక్క, అంతే. రాజోలు ఇంట్లో కొబ్బరి అంటే తోట, పచ్చడి, నూనె, పెళ్లి సంబంధంలో ఆస్తి లెక్క... అన్నీనూ.

అసలు తికమక ఇంగ్లీషులో జరిగింది. చాక్లెట్‌కి ముడిసరుకైన 'కకావో' మెక్సికో ఆదివాసుల మాట. కొబ్బరితో సంబంధమే లేదు. 1755లో వెలువడిన శామ్యూల్ జాన్సన్ నిఘంటువులో రెండూ పొరపాటున ఒకేచోట కలిసిపోయాయి. ఆ 'కోకో' ఇప్పుడు కోనసీమ కొబ్బరిచెట్ల నీడలోనే అంతరపంటగా పెరుగుతోంది. నిఘంటువులో కలిసినా రైతు పద్దులో రెండూ వేరే. కాయ ధర పడిపోయిన ఏడాది ఆ గింజల డబ్బుతోనే ఎరువుల బాకీ తీర్చాలి మరి.