రివర్సు గేరు

సావనీరుకు ఏదైనా రాయమని యూనియన్ కార్యదర్శి అడిగినప్పుడు, సైన్సు చదివేవాణ్ణి గనుక నా నుంచి ఏ అణువు గురించో, అంతరిక్షం గురించో ఆశించి ఉంటాడు. మిత్రులారా, క్షమించండి. నేను రాయబోయేది మా ఇంటి పాత కారు గురించి. అది వెనక్కి నడవనని మొరాయించిన మూడు రోజుల గురించి.

మాది పల్నాడులో మిరప పండించే ఊరు. నాయనమ్మను మోకాళ్ల నొప్పులకు నరసరావుపేట ఆసుపత్రికి తిప్పాల్సి వచ్చి, నాన్న ఒక సెకండ్‌హ్యాండ్ కారు కొన్నాడు. మా ఇల్లు సందు చివర. ముందుకు పోతే గోడ, వెనక్కి వస్తేనే బజారు. కాబట్టి రివర్సు లేని కారు మాకు ఉన్నా లేనట్టే లెక్క.

శివరాత్రి సెలవులకు నేను ఇల్లు చేరేసరికి సరిగ్గా ఆ ముచ్చటే జరిగింది. రివర్సు వేయబోతే 'కర్ర్'మని పళ్లు నూరిన శబ్దం తప్ప గేరు పడటం లేదు. ఆసుపత్రికి వెళ్లే రోజున నలుగురం కలిసి కారును బజారు దాకా వెనక్కి నెట్టాం. లోపల కూర్చున్న నాయనమ్మ, "ఎడ్లబండే నయంరా, చెప్పిన మాట వినేది" అంది. అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

కారణం ఉంది. సంక్రాంతి సెలవుల్లో, లెర్నర్ లైసెన్సు వచ్చిన ఉత్సాహంలో, కారు ఇంకా ముందుకు దొర్లుతుండగానే నేను రివర్సు లాగాను. ఇదే శబ్దం. చుట్టూ చూశాను. ఎవరూ లేరు. ఎవరికీ చెప్పలేదు.

పేటలో మెకానిక్ ఆ శబ్దం విని, "గేరుబాక్సు దించాల్సిందే. పళ్లు పోయి ఉంటాయి. ఇరవై వేలు చూసుకోండి" అన్నాడు. నేను వెంటనే తలూపాను. నా తప్పుకు ఆ రోగం సరిగ్గా సరిపోయింది మరి! ఇంటికొచ్చాక నాన్న అమ్మతో అన్నాడు: "ఆరిన కాయ ఓ ఆరు బస్తాలు యార్డుకు తోలేద్దాం. రేటు కోసం చూస్తే పని జరగదు." కోల్డు స్టోరేజీలో దాచి, నా ఫీజు వేళకు అమ్ముదామనుకున్న కాయ అది.

ఆ రాత్రి కల్లం కాపలాకు నాన్నతో పాటు నేనూ వెళ్లాను. మిరపకాయల ఘాటు మధ్య పట్ట మీద పడుకుని, చీకట్లో మొహం కనపడదనే ధైర్యంతో సంక్రాంతి సంగతి చెప్పేశాను. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తిడతాడనుకుంటే, "ఇంజను ఆపేసి వేసి చూశావా?" అన్నాడు.

"ఏంటి నాన్నా?"

"ఇంజను ఆపితే రివర్సు పడుద్దేమో చూశావా అని. మన పాత ట్రాక్టరు క్లచ్ సరిగ్గా వదలకపోతే ఇట్టాగే కర్రుమనేది."

చూడలేదు. భయం నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగనివ్వలేదు.

పొద్దున్నే వెళ్లి ఇంజను ఆపి రివర్సు వేశాను. చడీచప్పుడు లేకుండా పడింది! సందులో వెనక ఎవరూ లేకుండా చూసుకుని, గేరు అలాగే ఉంచి, క్లచ్ అడుగంటా తొక్కి స్టార్టు చేశాను. కాలు క్లచ్ మీదే ఉంది, అయినా కారు మెల్లగా వెనక్కి పాకింది. అంటే క్లచ్ పూర్తిగా విడిపోవడం లేదన్నమాట.

అప్పుడుగానీ పాఠం గుర్తు రాలేదు. పళ్లు కలిసిన రెండు చక్రాలు ఎదురు దిశల్లో తిరుగుతాయి. మధ్యలో మూడో చక్రం పెడితే చివరిదాని దిశ మారుతుంది. రివర్సు అంటే అంతే. 12 పళ్ల చక్రం 36 పళ్లదాన్ని తిప్పితే నిష్పత్తి 3. మధ్య చక్రానికి ఎన్ని పళ్లున్నా ఆ 3 మారదు. ఈ లెక్క పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే! వేరు వేరు వేగాలతో తిరిగే భాగాలను ముందు ఒకే వేగానికి తెచ్చి ఆపైన కలిపే సింక్రోమెష్ 1928లో అమెరికాలో కాడిలాక్ కార్లతో వచ్చింది. అయితే చాలా కార్లలో రివర్సుకు అది ఉండదు. నిలబడ్డ కారుకే గదా రివర్సు వేసేది! మా క్లచ్ విడిపోక, ఇంజను లోపలి షాఫ్టును కొద్దికొద్దిగా తిప్పుతూనే ఉంది. ముందు గేర్లు బిగుసుగా పడుతున్నా, సింక్రోమెష్ ఆ లోపాన్ని కప్పెట్టింది. రివర్సు కప్పెట్టలేకపోయింది.

పెడల్ చేత్తో నొక్కి చూస్తే సగం దాకా ఊరికే దిగిపోతోంది. టార్చి వేసి చూస్తే, పెడల్ దగ్గర క్లచ్ కేబులు పోగులు తెగి, మిగిలినవి సాగి వేలాడుతున్నాయి. కొత్త కేబులు నాలుగు వందల పైచిలుకు. ఊళ్లో ట్రాక్టరు మేస్త్రీ అరగంటలో బిగించాడు. కారు తనంతట తాను బజారుకు వచ్చింది. ఆరు బస్తాలూ కల్లంలోనే ఉన్నాయి.

"అయితే ఆ రోజు నేను చేసినదానికి పళ్లు పోలేదా నాన్నా?" అన్నాను.

"ఒక్కసారికే ఇనుము అరిగిపోద్దట్రా? నువ్వు నెల రోజులు మనసులో నూరుకున్నావే, అదీ అరుగుదల" అని, తువ్వాలు భుజాన వేసుకుని కల్లానికి వెళ్లిపోయాడు.

మిత్రులారా, మీ కారుకు ఎప్పుడైనా రివర్సు పడకపోతే ముందు కాళ్ల కింది పట్ట మడతపడి క్లచ్‌కు అడ్డుపడుతోందేమో చూడండి. తర్వాత ఇంజను ఆపి గేరు వేసి చూడండి. పడితే క్లచ్‌ను అనుమానించండి. పడకపోతే గేరు కడ్డీ జాయింట్లు చూపించండి. గేరుబాక్సు దించే మాట ఆ తర్వాత. అన్నిటికంటే ముందు, మీ వల్ల ఏదైనా జరిగి ఉంటే ఇంట్లో చెప్పేయండి. మా ఇంట్లో రిపేరు అక్కణ్ణించే మొదలైంది.