మేలో పాటలు, ఆగస్టులో పత్తి

"గద్వాలలో వీబీఎస్ నడుస్తోందట, చూసి రండి" అని సంపాదకులు పంపారు. వెకేషన్ బైబిల్ స్కూల్‌ని మన చర్చీలలో పొడి అక్షరాలతోనే పిలుస్తారు. ఊరి శివారు వాడలోని రేకుల ప్రార్థనా మందిరంలో అరవై డెబ్బై మంది పిల్లలు, హైదరాబాదు నుంచి వచ్చిన కాలేజీ కుర్రకారు, అందరికీ ఒకే రంగు టీషర్టులు. యాక్షన్ సాంగులు, కంఠత వాక్యం, ఓ కథ, చివర్లో బిస్కెట్లు, రస్నా. పిల్లలకు పండగే, కాదనను. సెల్ఫీల కోసం మురికి బట్టల పిల్లల్నే వెతికి ముందుకు లాగుతున్నప్పుడు మాత్రం నాకు చిరాకేసింది.

రంగుకాగితాలతో పువ్వులు చేయిస్తున్న వేళ, పన్నెండేళ్లు ఉంటాయేమో, ఒక పిల్ల తన కాగితం పక్కన పడేసి గోడవారనున్న మందార చెట్టు నుంచి మొగ్గ తెంపుకొచ్చింది. "అసలు పువ్వు ఇట్ల చెయ్యాలె సార్" అంది. ఎడమచేతి వేళ్ల మధ్య మొగ్గను నిలిపి, కుడి బొటనవేలి గోటితో అడుగున చుట్టూ చీరింది. ఒక్క లాగుకు రేకులూ పుప్పొడీ కలిసి ఊడి వచ్చాయి. సన్నని కీలం మాత్రం గీత పడకుండా నిటారుగా మిగిలింది. "దానికి గోరు తగిల్తే కాయ నిలవది. ఆసామి తిడతడు."

మందారం, పత్తి ఒకే కుటుంబం మొక్కలు. ఆ పిల్ల చూపించింది క్రాసింగు పని. సాయంత్రం ఆడ వరస మొగ్గల్ని ఇలా వలిచి ఉంచి, మర్నాడు పొద్దున మగ మొక్క పువ్వు తెచ్చి వాటికి రుద్దాలి. ప్రతి పువ్వుకూ చేత్తోనే చేయాలి. 1970లో సూరత్ పరిశోధనా కేంద్రం హెచ్-4 అనే తొలి హైబ్రిడ్ పత్తిని విడుదల చేసినప్పటి నుంచీ ఈ విత్తనం ఇలాగే తయారవుతోంది. గద్వాల, అయిజ, మల్దకల్ వైపు విత్తన పత్తి చేలలో ఆగస్టు నుంచి దసరా దాటేదాకా ఇదే పని. పెద్దల కూలి గిట్టదని పిల్లల్ని పిలవడం పాత అలవాటు. చట్టం ఉంది. పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టకూడదు. కానీ 2016 సవరణ, బడి వేళలు అయ్యాక, సెలవుల్లో సొంత కుటుంబం పనికి సాయం చేయొచ్చంది. ఇక తనిఖీకి వచ్చినవాళ్లకు "మా మామ చేను సార్" అని చెబితే సరిపోతుంది.

నల్లా దగ్గర బిందె నింపుకుంటున్న ఓ తల్లి అంది: "పాటలు మంచిగనే నేర్పుతున్నరు. ఎండకాలంల పోరగాండ్లు ఎట్లయిన ఆడుకుంటరు గద. క్రాసింగు దినాలల్ల ఎవరు రారు. ఆసామి ముందే పైసలిచ్చినంక పంపక ఏం జేస్తం?"

జట్టు నాయకుణ్ణి అడిగాను. "మాకు సెలవులు మేలోనే అంకుల్" అన్నాడు. నిజమే. కానీ వీబీఎస్ పుట్టుక వేరు. 1898లో న్యూయార్కులో ఎలైజా హాస్ అనే ఆమె వీధుల్లో తిరిగే వలస కూలీల పిల్లల కోసం ఒక బీరు సెలూను అద్దెకు తీసుకుని బడి నడిపింది. ఆ పిల్లలకు అవసరమైన వేళ చూసి పెట్టిన బడి అది. ఇక్కడ మాత్రం వచ్చేవాళ్ల తీరికే ముహూర్తం.

ఈ గడ్డమీద వేరే పద్ధతీ ఉండేది. నాగర్‌కర్నూల్‌లో మెనొనైట్ బ్రదరెన్ మిషనరీ డేనియల్ బర్గ్‌తోల్డ్ దశాబ్దాల పాటు ఉండిపోయాడు. వనపర్తిలోనూ వాళ్ల కాంపౌండు వెలిసింది. అమెరికన్ బాప్తిస్టులు నడిపిన గద్వాల 1937లో వాళ్ల చేతికే వచ్చింది. వాళ్ల దొరతనం మీద నాకు అభ్యంతరాలు చాలానే ఉన్నాయి, మతం సంగతి సరేసరి. అయినా బోర్డింగులు పెట్టి, మాదిగ, మాల పిల్లల్ని ఏడాది పొడవునా ఉంచుకుని అన్నం పెట్టి చదివించారు. ఆ ఓపిక ఇప్పటి వాట్సాప్ మిషనుల్లో లేదు. మతంతో పని లేని దారీ ఉంది. శాంతా సిన్హా నాయకత్వంలో ఎంవీ ఫౌండేషన్ పనిలోని పిల్లల్ని రెసిడెన్షియల్ బ్రిడ్జి క్యాంపుల ద్వారా బడికి చేర్చింది. ఆమెకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. ఇద్దరి పనిలోనూ నాకు కనిపించేది ఒక్కటే, పిల్లల దగ్గరే ఉండిపోవడం.

ఆ వాడలో ఉండిపోయిన మనిషి ఒకామె ఉంది. సండేస్కూల్ అక్క. ఇంటర్ చదివింది. సాయంత్రాలు తన గుమ్మం ముందు పిల్లలకు ఎక్కాలు చెప్తుంది. చేలకు పోయిన పిల్లల ఇళ్లకు వెళ్లి తల్లులతో పోట్లాడుతుంది. ఆమెకు జీతం లేదు. వచ్చిన జట్టుకు టీషర్టులు, ఫ్లెక్సీలు, బస్సు అన్నీ ఉన్నాయి. ముగింపు సభలో ఆమెను వేదిక మీదికి పిలవనైనా లేదు.

పట్నం చర్చీల యువజన సంఘాలకు ఒక మాట. వచ్చే ఏడు టీషర్టులు మానండి. ఆ డబ్బుతో ఆగస్టు నుంచి అక్టోబరు దాకా ఇలాంటి అక్కలకు జీతమివ్వండి. మీరే రావాలనుకుంటే క్రాసింగు నెలల్లో ఆదివారాలు రండి. తెల్లారేసరికి పిల్లలు చేలకు బయల్దేరతారు కాబట్టి, అంతకుముందే రండి.