పిత్యా – రావలసింది



మా మనుమరాలు ఫిన్లాండులో రెండవ తరగతి చదువుచున్నది. ఒకనాడు ఫోనులో "పిద్యాన్ సినుస్త, తాతయ్యా" అన్నది. అర్థమేమని మా అబ్బాయి నడిగితే "నీవంటే నాకిష్టం అని, నాన్నా" అన్నాడు. మరికొంతసేపటికి ఊయల ఎక్కిన తమ్ముణ్ణి హెచ్చరిస్తూ అదే పిల్ల "పిద్యా కీన్ని!" అని అరచింది. "గట్టిగా పట్టుకో" అని దాని అర్థమట. ఒకే ధాతువు ఇష్టమూ పట్టూ ఎట్లయినదన్న శంక నన్ను వదలలేదు.

ఆ క్రియ పేరు పిత్యా. (చివరి అచ్చు మన 'బ్యాంకు'లోని ధ్వని వంటిది, మన నోట ఉన్నది, లిపిలో ప్రత్యేకాక్షరము లేదు.) మూలార్థము పట్టుకొనుట. దానినుండి ఉంచుకొనుట, మాట నిలుపుకొనుట, ప్రసంగము చేయుట, విందు జరుపుట, ఒకరిని మిత్రునిగా భావించుట. ఒక సంగతి 'తన చోటును పట్టి ఉన్నది' అంటే అది నిజమని అర్థము. 'లోనుండి' అనే అర్థమిచ్చే 'స్త' విభక్తితో చేరినపుడు ఇష్టపడుట. కర్తను షష్ఠిలో నిలిపి, వెనుక తుమర్థకము చేర్చితే విధి: 'మినున్ పిత్యా తుల్ల' – నేను రావలెను. ఈ వాడుకలో నేనైనా, నీవైనా, వారైనా క్రియారూపము మారదు. సోదరభాషయైన ఎస్టోనియనులో 'పిదమ' అనే క్రియకు పట్టుటయు, విధియు రెండర్థములున్నవి.

పిత్యా, పట్టు – ఈ ధ్వనిసామ్యము చూడగానే పండితునికి చేయి దురదపెట్టును. ద్రావిడ భాషలకు ఫిన్నిష్ మొదలైన భాషలతో చుట్టరికము కలదని కాల్డ్వెల్ 1856లో ప్రతిపాదించెను గాని, పండితలోకము దానిని అంగీకరింపలేదు. రెండు మాటలు ఒకలాగ వినబడినంత మాత్రాన చుట్టములు కానేరవు. ఆ మోహమును విడిచితిని.

కాని అర్థసామ్యము వేరు. మన 'వలయు' ధాతువును చూడుడు. వలచుట, వలపు – ప్రేమ. రావలెను, పోవలెను – విధి. నేడు మనమనే 'రావాలి'లోని 'ఆలి' ఆ వలెను అరిగిన రూపమే. నేను రావలెను, వారు రావలెను: ఇచ్చటను క్రియ మారదు. ముప్పదియేండ్లు బడిలో వ్యాకరణము చెప్పితిని. విధ్యర్థకములో వలపు దాగియున్నదని ఒక్క పిల్లవానికైనను చెప్పిన గుర్తు లేదు.

ఇది వ్రాయుటకు వేరొక కారణమున్నది. నా భార్య పోయినపుడు మా అబ్బాయి సమయానికి చేరలేకపోయెను. మూడవనాడు వచ్చి గుమ్మములో నిలబడి "రావలసింది, నాన్నా" అన్నాడు. నేను బదులు పలుకలేదు. రావలసినవాడు రాలేదన్న లెక్కయే నా మనసులో మిగిలినది. ఫిన్నిషులోను భూతకాలమున 'మినున్ పితి తుల్ల' అంటే ఇంచుమించు అదే: రావలసింది, రాలేకపోతిని.

మొన్న ఈ ధాతువుల సంగతి ఫోనులో వానికి చెప్పితిని. చాలాసేపు మాటాడలేదు. తరువాత "అమ్మకు కూడా తెలిసి ఉంటుందా, నాన్నా?" అని అడిగినాడు.

ఆమెకు వ్యాకరణము రాదు. తెలిసియే ఉండును అన్నాను.