ఏడు సరస్సుల దారిలో ఓ రాత్రి

సియాటిల్ వైపు ఉండే మనవాళ్లకి వీకెండ్ హైక్ అంటే పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరడమే. ఒక్క రాత్రి కొండమీదే ఉండాలనిపిస్తే ఒలింపిక్ నేషనల్ పార్కులోని సెవెన్ లేక్స్ బేసిన్ లూప్ బాగుంటుంది. మొత్తం 30 కిలోమీటర్లు. ఎక్కేది ఒక దారి, దిగేది ఇంకో దారి.

సోల్ డక్ దగ్గర కారు ఆపి కాస్త నడిస్తే జలపాతం. టూరిస్టుల సందడి అక్కడిదాకానే. తర్వాత నాచు పట్టిన హెమ్లాక్, ఫర్ చెట్ల మధ్య ఎక్కుతూ పోతే డీర్ లేక్ వస్తుంది. ఇంకా పైకెళ్లేకొద్దీ అడవి పలచబడి పచ్చిక మొదలవుతుంది. కింద గిన్నెల్లో నీళ్లు పోసినట్టు సరస్సులు! పేరుకే ఏడు, ఉన్నవి అంతకన్నా ఎక్కువ.

మొదటి రాత్రికి లంచ్ లేక్ సరిపోతుంది. మర్నాడు హై డివైడ్ గట్టు ఎక్కితే ఒక పక్క ఈ సరస్సులు, మరో పక్క హో నది లోయ, దాని అవతల మంచు కప్పుకున్న మౌంట్ ఒలింపస్. అక్కణ్నుంచి హార్ట్ లేక్ మీదుగా, సోల్ డక్ నది వెంట దిగిరావాలి.

రాత్రి ఉండటానికి పర్మిట్ తప్పనిసరి. రోజుకి ఇంతమందికే అని లెక్క ఉంటుంది కాబట్టి ముందే బుక్ చేసుకోవాలి. పైన చలిమంట వేయకూడదు, చిన్న స్టవ్వే దిక్కు.

అన్నిటికన్నా ముఖ్యం బేర్ క్యానిస్టర్. ఎలుగుబంటి తెరవలేని గట్టి డబ్బా ఇది. పులిహోర, ఆవకాయ, చిప్స్ మాత్రమే కాదు, టూత్‌పేస్టు, సబ్బు కూడా అందులోకే. ఆ డబ్బాని టెంటుకి దూరంగా పెట్టాలి. ఇదంతా మన భద్రతకే అనుకుంటాం గానీ, అసలు ముప్పు ఎలుగుకే. మనిషి తిండి రుచి మరిగితే అది టెంట్ల వెంట పడుతుంది. మనుషులకి ప్రమాదం అనుకుంటే చివరికి దాన్ని చంపేయాల్సి వస్తుంది. మనం పారేసిన గుప్పెడు అన్నం ఖరీదు ఒక ప్రాణం!

జులై సగం దాకా పైన మంచు ఉండొచ్చు. ఆగస్టు, సెప్టెంబర్ బెస్ట్. హకిల్‌బెర్రీలు పండేదీ, ఎలుగులు వాటికోసం వచ్చేదీ అప్పుడే. వాటి పళ్లు వాటికి, మన పులిహోర మనకి!