ప్రయాణానికి ముందు

విదేశంలో చదువు అనగానే చాలామందికి విమానం గుర్తుకు వస్తుంది. విమానంలో గడిపేది ఒక్క రాత్రి మాత్రమే. దానికి ముందు ఏడాది పైగా కాగితాలు, లెక్కలు, ఇంట్లో వాదోపవాదాలు ఉంటాయి. వెళ్ళి వచ్చినవారు ఆ సంగతులు అంతగా చెప్పరు. మరిచిపోతారు కాబోలు. నేనింకా వెళ్ళలేదు గనుక నాకన్నీ గుర్తున్నాయి.

మాది భీమవరం దగ్గర పల్లె. నాన్నగారిది ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం. రామకృష్ణపురంలో క్వార్టరు ఇచ్చారు. నేను పుట్టి పెరిగింది ఇక్కడే. దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1948లో ఢిల్లీలో నెలకొల్పిన ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ వారి బడిలో తెలుగు అక్షరాలు దిద్దుకున్నాను. తరువాత ఇక్కడే భౌతికశాస్త్రం ప్రధానంగా నాలుగేళ్ళు ఇంజనీరింగు చదివాను. ఇప్పుడు జర్మనీలోని యేనా పట్టణంలో ఫోటానిక్స్ చదవబోతున్నాను. కాంతిని పుట్టించి, దాన్ని పనిముట్టులా వాడుకునే శాస్త్రం అది. కార్ల్ జైస్ 1846లో తన కటకాల పనిశాలను పెట్టింది ఆ ఊళ్ళోనే. కళ్ళజోడు లేకుండా పేపరు చదవలేని నాన్నగారికి ఈ ఒక్క వివరం బాగా నచ్చింది.

మన పిల్లలు ఎక్కువగా అమెరికా వెళతారు గదా, నువ్వెందుకు వెళ్ళవు అని చుట్టాలందరూ అడిగారు. నిజమే, 2023-24 విద్యా సంవత్సరంలో అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. అయితే అక్కడి ఫీజు మా ఇంటి తాహతుకు మించినది. జర్మనీ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఎక్కువచోట్ల ఫీజు లేదు. బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో మాత్రం 2017 నుంచి మనవంటి విదేశీయుల దగ్గర సెమిస్టరుకు 1,500 యూరోలు తీసుకుంటున్నారు. కాబట్టి జర్మనీలో చదువంతా ఉచితమని ఎవరైనా చెబితే, ఏ రాష్ట్రంలో, ఏ విశ్వవిద్యాలయంలో అని అడగండి.

ఇక కాగితాల సంగతి. భారతీయ విద్యార్థుల పట్టాలు అసలైనవేనని తేల్చే ఏపీఎస్ అనే ధ్రువపత్రం 2022 నవంబరు 1 నుంచి జర్మనీ వీసాకు తప్పనిసరి అయింది. పని పెద్దదేమీ కాదు. నాకు చిక్కంతా నా పేరుతో వచ్చింది. తెలుగువారికి ఇంటిపేరు ముందు వస్తుంది. బడి సర్టిఫికెట్లో అది ఒక్క పొడి అక్షరం. కాలేజీలో ఆ అక్షరం పేరుకు చివర చేరింది. పాస్‌పోర్టులో ఇంటిపేరుకు వేరే గడి ఉంటుంది గనుక అక్కడ పూర్తిగా రాశారు. కాగితాల లెక్కన మా ఇంట్లో ముగ్గురు ఆడపిల్లలున్నారన్నమాట! ఆ ముగ్గురూ ఒకరేనని స్టాంపు కాగితం మీద ప్రమాణపత్రం రాయించి, నోటరీ చేయించాను. దాంతో సరిపోయింది. పేరే మార్చుకోవలసివస్తే పత్రికల్లో ప్రకటన ఇచ్చి, సివిల్ లైన్స్‌లో ఉన్న ప్రచురణల శాఖ ద్వారా గెజెట్‌లో వేయించుకోవాలి. మీ ఇంట్లో ఎవరికైనా పదో తరగతి సర్టిఫికెట్ రాబోతుంటే, పేరు ఎలా రాస్తున్నారో ఇప్పుడే చూసుకోండి.

మా ఇంటిపేరు ఒక ఊరి పేరు. చాలా తెలుగు ఇంటిపేర్లు అంతే గదా. జర్మనీలో కొత్తవారిని ఇంటిపేరుతోనే పిలుస్తారు. కాబట్టి అక్కడి ఆచార్యులు నన్ను ఊరి పేరు పెట్టి పిలుస్తారు. "పోనీలే, ఆ ఊరివాళ్ళెవరూ వినరులే" అంది మా మామ్మ.

జర్మన్ భాష నేర్చుకోవడానికి ఒక ఏడాది కస్తూర్బా గాంధీ మార్గంలోని మాక్స్ ముల్లర్ భవన్‌కు వెళ్ళాను. మన వేదాల మీద జీవితమంతా పనిచేసిన మాక్స్ ముల్లర్ ఒక్కసారి కూడా భారతదేశానికి రాలేదు. ఆయన పేరు పెట్టిన భవనంలో కూర్చుని మేము ఆయన పుట్టిన దేశానికి వెళ్ళడానికి తయారవుతున్నాం. తరగతిలో చాలామందికి ఒక విషయం కొరుకుడు పడలేదు. "ఎందుకంటే" వంటి మాటతో మొదలయ్యే ఉపవాక్యంలో జర్మన్ క్రియ చివరికి పోతుంది. ఇంగ్లీషులో ఆలోచించేవారు మధ్యలోనే క్రియను వేసేసి నాలిక కరుచుకునేవారు. నాకు ఆ బాధ లేదు. "నేను రేపు ఢిల్లీ నుంచి రైల్లో ఊరికి వెళుతున్నాను" అనేటప్పుడు మనం క్రియకోసం చివరిదాకా ఆగడం లేదూ? తెలుగు వల్ల పై చదువుకు ఏం లాభం అని అడిగేవారికి నేనిచ్చే జవాబు ఇదే. అంకెల దగ్గర మాత్రం తెలుగు సాయపడలేదు. వాళ్ళు ఇరవై ఒకటిని "ఒకటీ ఇరవై" అంటారు. అక్కడ సంస్కృతంలోని ఏకవింశతి గుర్తుచేసుకోవలసి వచ్చింది.

అసలు గొడవ డబ్బు దగ్గర వచ్చింది. ఫీజు లేకపోయినా, ఏడాదికి సరిపడే జీవనవ్యయాన్ని వీసాకు ముందే ఒక ప్రత్యేక ఖాతాలో వేసి చూపాలి. 2024 సెప్టెంబరు నుంచి అది 11,904 యూరోలు. అప్పటి మారకం రేటులో సుమారు 11 లక్షల రూపాయలు. అక్కడికి వెళ్ళాక నెలకు 992 యూరోల చొప్పున మన డబ్బు మనకే తిరిగి ఇస్తారు.

"మన డబ్బుకు వాళ్ళు తాళం వేయడమేమిటే?" అని మామ్మ ఆశ్చర్యపోయింది.

"పరాయి దేశంలో పస్తులుండకుండా మామ్మా" అన్నాను.

"అయితే మంచిదే. మీ తాతగారికి కూడా అలాంటి తాళం ఒకటి ఉంటే బాగుండేది" అంది.

నాన్నగారు భవిష్యనిధి నుంచి మొత్తం తీస్తానన్నారు. పిల్లల పై చదువుకు తీసుకోవడానికి నియమాలు ఒప్పుకుంటాయి. నేను ససేమిరా వద్దన్నాను. ఆయనకు ఇంకా రెండేళ్ళే సర్వీసుంది. ఆ తరువాత క్వార్టరు ఖాళీ చేయాలి. నోయిడాలో చిన్న ఫ్లాటు కొనాలన్నా, ఊళ్ళో పాత పెంకుటిల్లు బాగుచేయించాలన్నా ఆ డబ్బే ఆధారం. నేను బ్యాంకు అప్పు తీసుకుంటానన్నాను. ఏడున్నర లక్షలు దాటితే బ్యాంకులు సాధారణంగా ఆస్తి తాకట్టు అడుగుతాయి. ఆ మొత్తం లోపు అయితే హామీ ఆస్తి అక్కరలేదు. చదువు ముగిసిన ఏడాది తరువాత వాయిదాలు మొదలవుతాయి. కాని ఆ లోగానే వడ్డీ పెరుగుతూ ఉంటుంది. అప్పు నా పేరనే అని ధైర్యంగా అన్నాను గాని, దరఖాస్తులో తండ్రి కూడా సహ రుణగ్రహీతగా సంతకం చేయాలి. నేను వాయిదాలు కట్టడం మొదలుపెట్టేసరికి ఆయన పింఛనుదారు అయి ఉంటారు. నాకు ఉద్యోగం దొరకకపోతే? ఆ ప్రశ్న మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. వారం రోజులు భోజనాల దగ్గర ఎవరూ సరిగ్గా మాట్లాడుకోలేదు.

ఆ వారంలోనే మామ్మ సుబ్బారావు గారి సంగతి ఎత్తింది. యల్లాప్రగడ సుబ్బారావు మా భీమవరంలోనే 1895లో పుట్టారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన సాయంతో, మామగారు ఇచ్చిన డబ్బుతో 1923లో అమెరికా వెళ్ళారు. బోస్టన్‌లో చదువుకుంటూ ఆసుపత్రిలో రాత్రి పని చేశారు. ఫోలిక్ ఆమ్లం, మెథోట్రెక్సేట్ వంటివాటి వెనుక ఆయన కృషి ఉంది. ఇదంతా పాఠ్యపుస్తకాల్లో దొరుకుతుంది. మామ్మ చెప్పింది వేరే సంగతి. ఆయన భార్య శేషగిరిని వదిలి వెళ్ళారు. ఆ తరువాత పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. ఆ బిడ్డను తండ్రి చూడనే లేదు. 1948లో న్యూయార్కులో కన్నుమూసేవరకు ఆయన తిరిగి రాలేదు.

"ఆయనకు తపాలా బిళ్ళ వేశారు. ఆవిడకు ఏం వేశారు?" అంది మామ్మ.

నా దగ్గర జవాబు లేదు. ఆ రోజుల్లో ఓడ ప్రయాణానికి వారాలు పట్టేదనీ, ఇప్పుడు రోజూ ముఖం చూస్తూ మాట్లాడుకోవచ్చుననీ చెప్పాను. నిజమే గాని, అది ఆమె అడిగినదానికి సమాధానం కాదు. ఫోనులో కనిపించే మనవరాలు కాళ్ళకు నూనె రాయలేదు గదా. తిరిగి వస్తావా అని ఆమె నన్ను సూటిగా అడగలేదు. అడిగితే వస్తానని అనేదాన్నే. కాని నాకున్న అప్పు తీరాలంటే అక్కడ కనీసం మూడు నాలుగేళ్ళు పనిచేయాలని లెక్క చెబుతోంది. మామ్మకిప్పుడు డెబ్బై తొమ్మిది.

చివరికి నాన్నగారూ నేనూ చెరో మెట్టు దిగాం. ఏడున్నర లక్షలు బ్యాంకు, మిగిలినది, టిక్కెట్టుతో సహా, భవిష్యనిధి. ఆయన తన జమాఖర్చుల పుస్తకంలో నా పేరు రాసి, పక్కన "చేబదులు" అని రాసుకున్నారు. కూతురికి ఇచ్చింది చేబదులు ఏమిటని అమ్మ కోప్పడింది. నాకు మాత్రం ఆ మాట ఎంతో నచ్చింది. తీర్చగలదని నమ్మినవారికే గదా ఎవరైనా చేబదులిస్తారు!

ఇప్పుడు సామాను సర్దుతున్నాం. ఇరవై మూడు కిలోలకు మించకూడదు. బయటి దేశాల నుంచి మాంసం, పాలు, వాటితో చేసిన పదార్థాలు ప్రయాణికులు యూరోపియన్ యూనియన్‌లోకి తీసుకుపోకూడదు. అంటే నెయ్యి కూడా కుదరదు. ఆవకాయకు అభ్యంతరం లేదు. కాని సీసా పగిలితే నా పుస్తకాలన్నీ ఎర్రబడతాయి. అమ్మ ఐఎన్ఏ మార్కెట్ నుంచి మూత గట్టిగా బిగిసే ప్లాస్టిక్ డబ్బా తెచ్చింది. ఈ నిబంధన విన్నప్పటి నుంచి మామ్మ నెయ్యి లేకుండా సున్నుండ కట్టడానికి ప్రయత్నిస్తోంది. నువ్వుల నూనెతో ఒకసారి, బెల్లం పాకంతో ఒకసారి చేసి చూసింది. రెండోది ఉండ కట్టింది గాని, కొరకడానికి సుత్తి కావాలి. రేపు వేరుశనగ నూనెతో చేస్తుందట.